నిప్పును నిషేధించిన కొత్తిల్లు

రెండేళ్ళ కిందట మా గృహప్రవేశం నాడు మా కొత్తింట్లో పాలు పొంగలేదు. అంతటితో సరిపోతే ఈపాటికి మర్చిపోయి హాయిగా ఉండేవాణ్ణి. పొంగని పాల వెనకాల మా అక్కని కూడా పోగొట్టుకున్నంత పని చేశాను. కంగారు పడకండి, ఆవిడ నిక్షేపంలా ఉంది. ఎక్కడుంది, ఎవరి మనిషిగా ఉంది అన్నదే నా బాధ. ఆ ఘోరమంతా ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి గానీ, మధ్యలో ఒక్కసారైనా "పాపం" అనండి.

నాకింకా కోపం తగ్గలేదు. ఎవరి మీద అంటారా? వార్తని పైసగం మాత్రమే చూపించిన ఫోను మీద. ఇత్తడి గిన్నెని చూసి ముఖం తిప్పుకున్న కరెంటు పొయ్యి మీద. ఎదురింటి వీర్రాజుగారి మర్యాద మీద. వీటన్నిటినీ కలిపి ముద్ద చేసినా సరిపోనంత కోపం, రెండేళ్ళ కిందటి నా మీద. ఆ మనిషి వయసులో నాకంటే రెండేళ్ళు చిన్నవాడు, బుద్ధిలో ముప్ఫయ్యేళ్ళు చిన్నవాడు.

అప్పటికి నేను ఖతర్‌లో పదకొండేళ్ళు సేఫ్టీ ఉద్యోగం చేసి రాజోలు దగ్గర మా ఊరికి తిరిగొచ్చాను. సేఫ్టీ ఉద్యోగమంటే ఎక్కడ ఏ ప్రమాదముందో వెతికి, దానికో ఎర్ర చీటీ కట్టి, దాని దగ్గరున్న వాణ్ణి తిట్టడం. నిచ్చెన వంకరగా ఉంటే చీటీ, వైరు తెగితే చీటీ. అలా పదకొండేళ్ళు తిట్టగా తిట్టగా, ఊరికొచ్చాక తల మీది హెల్మెట్ తీశాను గానీ తలలోది తీయలేకపోయాను.

కొత్తిల్లు గోడల దాకా లేచిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోనులో వార్త చూశాను. ఎక్కడో చలిదేశంలో కొత్తగా కట్టే ఇళ్ళలో కట్టెల పొయ్యిలు పెట్టకూడదట. గ్యాసుతో, నూనెతో ఇల్లు వెచ్చబెట్టే యంత్రాలు కూడా కుదరవట. కొత్తింట్లో పొగన్నది పుట్టకూడదు, అంతా కరెంటుతోనే నడవాలి అని రూలు పెట్టారట. చదవగానే నాకు ఒళ్ళు పులకరించింది. నాగరికత అంటే ఇదీ అనుకున్నాను. ఆ దేశంలో పొయ్యి చలి కాచుకోవడానికనీ, మనకి చలంటే తెల్లవారుజామున చెవులకి మఫ్లరు చుట్టుకునేంత మాత్రమేననీ, మన పొయ్యి పని వేరనీ నా బుర్రకి తట్టలేదు. తడితే ఈ కథే లేదు.

మర్నాడే పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాను.

"కొత్త ఇళ్ళలో కట్టెల పొయ్యిల మీద రూల్సు చెప్పండి" అన్నాను అక్కడి ఉద్యోగితో.

"అలాంటి రూలేం లేదండీ" అన్నాడాయన.

"ఎందుకు లేదండీ?"

"ఎవరూ అడగలేదండీ."

"నేనడుగుతున్నాను కదా!"

"ఆయ్. మీరు అడిగేరని రాసుకుంటానండీ" అని ఒక కాగితం మీద నిజంగానే రాసుకున్నాడు. రాసుకుని దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు.

ప్రభుత్వానికి పట్టకపోతే నాకు పట్టదా? ఇల్లు నాది, తల నాది, ఆ తలలో హెల్మెట్ నాది. ఆ సాయంత్రమే కూర్చుని పద్నాలుగు నిబంధనలు రాశాను. మొదటిది: ఈ ఇంటి ఆవరణలో కట్టెలు, కొబ్బరి మట్టలు, డొక్కలు, పిడకలు కాల్చే పొయ్యి ఏ రూపంలోనూ ఉండరాదు. రెండోది: గ్యాసు కూడా ఉండరాదు. మిగతా పన్నెండూ ఈ రెండింటినీ మీరినవాళ్ళని ఏం చెయ్యాలన్న దాని గురించి. రాజోలు తీసుకెళ్ళి లామినేషన్ చేయించి, వంటగదికి సున్నం ఆరకముందే గోడకి బిగించాను.

మా ఆవిడ సత్యవేణి అది ఆసాంతం చదివి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏవండీ, మన చుట్టూ ఉన్నవి కొబ్బరి తోటలు కదండీ. రోజూ రాలే మట్టలూ, ఒలిచిన డొక్కలూ ఏం చెయ్యమంటారు?"

"ఎరువు చేద్దాం."

"స్నానాలకి నీళ్ళో?"

"గీజరు."

"కరెంటు పోతేనో?"

"మన ఇంట్లో పోదు. ఇన్వర్టరుంది" అన్నాను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు, పొయ్యి లేకుండా ఇల్లు కట్టి చూడు అని ఎందుకనలేదో నాకు తర్వాత తెలిసింది. అలా కట్టినవాడు మిగిలి ఉంటేగా చెప్పడానికి!

ఇక గృహప్రవేశం. పాలు పొంగించే హక్కు ఇంటి ఆడపడుచుది. మా అక్క సీతామాలక్ష్మి, నాకున్న ఒకే ఒక్క తోబుట్టువు, నర్సాపురంలో ఉంటుంది. అమ్మా నాన్నా పోయాక మా ఇద్దరికీ ఒకరికొకరమే మిగిలాం. ముందురోజు పొద్దున్నే ఆవిడ పంటు మీద గోదారి దాటి సఖినేటిపల్లిలో దిగి, అక్కణ్ణించి ఆటోలో వచ్చింది. ఒళ్ళో తువ్వాలులో చుట్టిన మూట ఏదో ఉంది, పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. ఆటో గోతిలో పడ్డప్పుడల్లా డ్రైవరుని కేకలేసిందట.

అరుగు మీద కూర్చుని మూట విప్పింది. మట్టి పొయ్యి. ఒండ్రుమట్టిలో ఊక కలిపి, తన చేతుల్తో మెత్తి, పది రోజులు నీడన ఆరబెట్టిందట. పసుపు రాసి, చుట్టూ పిండితో ముగ్గు వేసింది. గిన్నె కుదురుగా కూర్చోవడానికి పైన మూడు బొడిపెలు పెట్టింది. పక్కనే కొత్త ఇత్తడి గిన్నె, తళతళలాడుతూ.

"ఎలా ఉందిరా?" అంది అక్క.

చెప్పవలసిన మాట ఒక్కటే: బాగుందక్కా. లోకంలో ఏ తమ్ముణ్ణయినా లేపి అడగండి, అదే చెబుతాడు. నేనేం చేశానో తెలుసా? లోపలికెళ్ళి ఎర్ర చీటీ తెచ్చాను. ఖతర్ నుంచి ఒక కట్ట తెచ్చుకున్నాను లెండి, దేనికైనా పనికొస్తాయని. దాని మీద "వాడరాదు" అని రాసి, ముగ్గు చెరగకుండా జాగ్రత్తగా, ఆ పొయ్యికి కట్టాను. ముగ్గు చెరగకూడదన్న జ్ఞానముంది చూశారా! ఆ జ్ఞానంలో వీసమెత్తు పైకెక్కినా బాగుపడేవాణ్ణి.

"ఇదేంట్రా?"

"నిబంధనక్కా. కొత్త ఇళ్ళలో కట్టెల పొయ్యి ఉండకూడదు. పెద్ద పెద్ద దేశాలే మానేసేయి."

"నేను పాలు పొంగించడానికొచ్చేనా, పరీక్ష రాయడానికొచ్చేనా?"

"పాలు పొంగిద్దువు గాని. కరెంటు పొయ్యి మీద. మీట నొక్కితే చాలు, నీ చేతికి మసి కూడా అంటదు."

అక్క ఆ చీటీని వేలితో తిప్పి చూసింది. తర్వాత మెల్లగా అంది: "ఒరేయ్, అమ్మ లేదు, నాన్న లేడు. నీ ఇంట్లో నాకంటూ ఉన్నది ఈ పాలు పొంగించే పని ఒక్కటే. దానికి కూడా నువ్వు చీటీ కట్టేవు."

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం అనిపించలేదు. అప్పుడు నేను మూడో నిబంధన ప్రకారం నిషేధిత వస్తువుని ఆవరణ దాటించే పనిలో ఉన్నాను. పొయ్యిని తీసుకెళ్ళి ఎదురింటి వీర్రాజుగారి పెరట్లో పెట్టి వచ్చాను.

వీర్రాజుగారి గురించి ఒక ముక్క. ఆయన ఇంటి పెరట్లో డొక్కల పొయ్యి పొద్దస్తమానం రాజుతూనే ఉంటుంది. దాని పొగ గురించి నేను ఆయనకి మూడుసార్లు క్లాసు పీకాను. పీకిన ప్రతిసారీ ఆయన "ఆయ్, నిజమేనండీ" అని ఒప్పుకుని, నాకు కొబ్బరి బొండాం కొట్టి ఇచ్చారు. అలాంటి మనిషితో తగువెలా పెట్టుకుంటారు? పైగా మా ఇంట్లో నిప్పుకి చోటు లేదు కాబట్టి, గృహప్రవేశం వంటలకి ఆయన పెరడే దిక్కయింది. అడిగితే, "దానికేముందండీ, మీ ఇల్లనుకోండి" అన్నారు. ఆ "మీ ఇల్లనుకోండి" ఎంత దూరం వెళుతుందో ఊహించలేకపోయాను.

శాస్త్రిగారితో మరో పంచాయితీ.

"హోమం ఇంట్లో కుదరదండీ" అన్నాను.

"హోమం వంట కాదు కదా బాబూ!"

"పొగ వస్తుందా, రాదా?"

"పొగ రాకుండా హోమమేంటి బాబూ? దేవతలకి మీ ఇంటి ఆనవాలు తెలియొద్దూ?"

"కావాలంటే లొకేషన్ పంపుదాం" అన్నాను. నిజంగా అన్నాను. ఆ మాట అన్న నోటితోనే ఇవాళ అన్నం తింటున్నాను.

చివరికి హోమం వీధిలో పందిరి కింద చేయడానికి ఒప్పందం కుదిరింది. అటో ఇసుక బకెట్టు, ఇటో ఇసుక బకెట్టు పెట్టించాను. శాస్త్రిగారు ఆ బకెట్లకి కూడా పసుపూ కుంకుమా పెట్టారు.

మర్నాడు ఉదయం ఏడుంపావుకి ముహూర్తం. ఏడున్నర దాటితే వర్జ్యం. ఆవు ఇంట్లో తిరిగింది, దీపం లోపలికొచ్చింది. దీపానికి నిబంధనల్లో మినహాయింపు ఇచ్చాను లెండి, నేనేమీ రాక్షసుణ్ణి కాదు. హాలు నిండా చుట్టాలు. వంటగదిలో నల్లని అద్దంలా మెరుస్తున్న కరెంటు పొయ్యి, దాని పైన గోడకి నా పద్నాలుగు నిబంధనలు. అక్క పట్టుచీర కట్టుకుని, ఎర్రబడ్డ కళ్ళతోనే, ఇత్తడి గిన్నెలో ఆవుపాలు పోసి దాని మీద పెట్టింది. నేను మహా ఠీవిగా మీట నొక్కాను.

పీ. పీ. పీ.

"ఇదేంట్రా, ఏడుస్తోంది?" అంది అక్క.

"గిన్నె నచ్చలేదక్కా."

"నచ్చలేదా? తమ్ముడింటికి ఆడపడుచు తెచ్చిన గిన్నె నచ్చకపోవడానికి ఇదెవరు?"

"అలా కాదక్కా. అయస్కాంతం అంటుకునే గిన్నె అయితేనే ఇది వేడెక్కుతుంది. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు."

"పాలు పొంగాలా, అయస్కాంతం అంటుకోవాలా?"

పదకొండేళ్ళు ప్రమాదాలు వెతకడమే పనిగా బతికినవాడికి, పాలగిన్నె ఇత్తడిదన్న సంగతి ముందు రోజే కళ్ళారా చూసి కూడా తట్టలేదు. మీరేం అనక్కర్లేదు, నేనే అనుకుంటున్నాను.

స్టీలు గిన్నెలన్నీ పాతింట్లో మూటల్లో ఉన్నాయి. వంటవాళ్ళ దగ్గరున్నవన్నీ అల్యూమినియం డేగిశాలు. హాల్లోంచి అరనిమిషానికొకరు, "పొంగేయా అండీ?" "ఇంకా లేదండీ!" "ఇప్పుడండీ?" అని ఒకటే గోల. సత్యవేణి ఎక్కణ్ణించో ఒక స్టీలు గిన్నె సంపాదించి పరుగెత్తుకొచ్చింది. పాలు దాన్లోకి మార్చాం. పొయ్యి ఏడుపు ఆపింది. పాల అంచున సన్నగా నురగ మొదలైంది. నేను గర్వంగా శాస్త్రిగారి వైపు చూసి మీసం దువ్వబోయాను.

కరెంటు పోయింది.

ఇన్వర్టరు అందుకుంది. అందుకుని, కరెంటు పొయ్యి బరువు మొయ్యలేక కుయ్యిమని మూలిగి అది కూడా పడుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఇంట్లో దేవుడూ ఇచ్చాడు, పూజారీ ఇచ్చాడు, పొయ్యే ఇవ్వలేదు.

"ఇంకా తొమ్మిది నిమిషాలుంది బాబూ" అన్నారు శాస్త్రిగారు.

"ఏవండీ," సత్యవేణి నా చెయ్యి పట్టుకుంది, "వదినగారి పొయ్యి తెచ్చేయండి. నాలుగు అంగల్లో తేవచ్చు. దణ్ణం పెడతాను."

ఇదిగో, ఇక్కడ వినండి. ఇప్పటిదాకా జరిగినదంతా తెలివితక్కువతనం. దానికి క్షమాపణ ఉంటుంది. ఆ మాట వినగానే నేను చేసిన పనికి మాత్రం లేదు. నేను తలెత్తి గోడ మీది మొదటి నిబంధన కేసి చూశాను. ఒక్క క్షణమే చూశాను. ఆ క్షణం నన్ను మా అక్క చూసింది.

పాలని తిరిగి ఇత్తడి గిన్నెలోకి వంపుకుంది. కొంగు నడుముకి బిగించింది. గుమ్మం దాటి, ఇసుక బకెట్ల మధ్య నుంచి, వీధి దాటి, వీర్రాజుగారి పెరట్లోకి వెళ్ళిపోయింది. సత్యవేణి ఆవిడ వెనకాల. శాస్త్రిగారు ఒకసారి నన్నూ, ఒకసారి గడియారాన్నీ చూసి, పంచె ఎగ్గట్టి వాళ్ళ వెనకాల. శాస్త్రిగారి వెనకాల చుట్టాలంతా. సన్నాయి వాళ్ళు కూడా వాయించుకుంటూనే వెళ్ళిపోయారు. కొత్తింట్లో మిగిలింది నేనూ, నా పద్నాలుగు నిబంధనలూ. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా ఇంట్లో నిప్పూ లేదు, పొగా లేదు, మనుషులూ లేరు.

అవతల వీర్రాజుగారి భార్య నాగమణిగారు అక్క పొయ్యికున్న ఎర్ర చీటీ పీకి, దాన్నే చుట్టచుట్టి వంట పొయ్యిలో అంటించి, దాంతోటే మట్టలు రాజేసిందట. చూసినవాళ్ళు చెప్పారు. నేను కిటికీలోంచి చూసేసరికి పొగ లేస్తోంది. ఎండు మట్టల పొగ, తెల్లగా, తిన్నగా. ఏడు ఇరవై ఎనిమిదికి ఒక్కసారిగా ఈలలూ, చప్పట్లూ, సన్నాయి గట్టిమేళమూ.

"పొంగేయండోయ్!" అని ఎవరో అరిచారు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. అప్పటికి పాలు గిన్నె అంచు దాటి, పసుపు రాసిన పొయ్యి మీదుగా వీర్రాజుగారి నేల మీదికి, తూర్పుకేసి పారుతున్నాయి.

"శాస్త్రిగారూ, ఈ పొంగు నా ఇంటిదే కదండీ?" అన్నాను ఆయాసపడుతూ.

"పాలు పొంగిన చోటే ఫలం బాబూ. ఎదురింటి పాలకి మనమెలా సంకల్పం చెబుతాం?" అన్నారాయన.

వీర్రాజుగారి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "మేం ఈ ఇల్లు కట్టినప్పుడు పాలు పొంగించడానికి నాకు ఆడపడుచే లేదండీ. తోడబుట్టిన ఆడపిల్ల లేదండీ నాకు. ఎవరినో బతిమాలి తెచ్చుకున్నామండీ. ఇవాళ అడక్కుండా వచ్చి పొంగించేరండీ ఈవిడ" అన్నారు. నాగమణిగారు లోపలికెళ్ళి చీరా, రవికెల గుడ్డా, పళ్ళూ తెచ్చి, అక్కకి బొట్టు పెట్టి, చేతుల్లో పెట్టింది. అక్క అప్పటిదాకా ఆపుకున్నదంతా ఆవిడ భుజం మీద ఏడ్చేసింది. నేను అక్కకోసం కొన్న చీర మా ఇంట్లో, కవరు విప్పకుండా, కరెంటు పొయ్యి పక్కన ఉంది.

ఆ సాయంత్రం సత్యవేణి నా ఫోను తీసుకుని ఆ చలిదేశం వార్త మొత్తం చదివింది. నేను చదివింది పైసగమే. కింది సగంలో, పల్లెల్లో ఉండేవాళ్ళు మా పొయ్యిల జోలికి రావద్దని గోలపెడితే ప్రభుత్వం ఆ కట్టెల పొయ్యిల రూలు సడలించిందని ఉంది. వేలు పైకి జరిపితే కనబడేదట. సత్యవేణి ఫోను నా చేతిలో పెట్టింది. గోడ మీది లామినేషన్ పీకి, మిగిలిన పులిహోర మీద మూతగా పెట్టింది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను, చెప్పడానికి నాకు అంతగా ఇష్టం లేదు. మంచిరోజు చూసుకుని నేనే ఒండ్రుమట్టి తెచ్చి, ఊక కలిపి, వారం రోజులు కుస్తీ పట్టి ఒక పొయ్యి చేశాను. ఒళ్ళో పెట్టుకుని పంటు మీద గోదారి దాటి నర్సాపురం తీసుకెళ్ళాను. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పొయ్యా, పాత చెప్పా?" అంది. అని నవ్వింది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. అప్పుడు పొగ కూడా లేదు, కన్నీళ్ళ నెపం దాని మీదికి నెట్టడానికి. ఆవిడ వచ్చింది, మా వంటగదిలోనే, ఆ చెప్పు లాంటి పొయ్యి మీదే పాలు పొంగించింది, నేనిచ్చిన చీర కట్టుకుంది. అక్క మనసు అంత మంచిది. అంతా సర్దుకుందనే అనుకున్నాను.

మొన్న మామిడికాయల రోజుల్లో అక్క ఆవకాయ పట్టి ఆటోలో తెచ్చింది. రెండు జాడీలు. ఆటో సరాసరి వీర్రాజుగారి గుమ్మం ముందు ఆగింది. నాగమణిగారు "వచ్చేరా వదినగారూ!" అని ఎదురొచ్చింది. వీర్రాజుగారు "ఆయ్, రండమ్మా" అని పెద్ద జాడీ తనే మోసుకెళ్ళారు. గంటసేపు అక్కడ కాఫీలూ కబుర్లూ అయ్యాక, అక్క వీధి దాటి వచ్చి చిన్న జాడీ నా చేతిలో పెట్టింది.

నాకు ఉడుకెత్తిపోయింది. "అక్కా, జాడీలు తారుమారయ్యేయేమో చూసుకో. పెద్దది అక్కడ ఇచ్చేవు" అన్నాను.

"ఏం తారుమారు కాలేదురా" అంది అక్క, చెమట తుడుచుకుంటూ. "పెద్దది పుట్టింటికి. చిన్నది ఎదురింటికి."

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా, గోదావరి సాక్షిగా, ఎదురింటివాడిగా మిగిలిపోయిన నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట నా బతుకులో నిబంధన రాయను, చదివితే ఆఖరి అక్షరం దాకా చదువుతాను, ఆడపడుచు చేత్తో చేసింది ఏది తెచ్చినా, అది భగభగ మండుతూ ఉన్నా సరే, రెండు చేతులా అందుకుంటాను.